తొక్కబాకయ్యా... నేలింకా ఆరలేదు!

గుల్మార్గ్ అంటే మన సినిమా వాళ్లకు మంచు, డ్యూయెట్, హీరోయిన్ ఒంటిమీద పల్చటి చీర, హీరోకు మాత్రం దళసరి కోటు! 'ఆప్ కీ కసమ్' (1974)లో రాజేష్ ఖన్నా, ముంతాజ్ చిందులేసిన శివాలయం గుట్ట గుర్తుందిగా? ఆ గుట్ట చుట్టూ పచ్చగా పరుచుకున్నది ఉత్త మైదానం కాదు, గోల్ఫ్ కోర్సు. ఎనిమిది వేల అడుగులు దాటిన ఎత్తులో ఉంటుంది. చలికాలమంతా మంచు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

ఒక ఏప్రిల్‌లో ఓ యూనిట్ వెంట అక్కడికి వెళ్లాను. మంచు చాలా చోట్ల కరిగింది. గడ్డి కనబడగానే మన అసిస్టెంట్ డైరెక్టర్‌కు హుషారొచ్చి ట్రాలీ పట్టాలు దింపించబోయాడు. ఎక్కడినుంచో ఒక మాలీ పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. ఇప్పుడు తొక్కితే ఎండాకాలం పొడుగునా ఆ గుంటలు అలాగే ఉండిపోతాయట! పైన కరిగిందే గానీ కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీళ్లు దిగడానికి దారుండదు. పైపొర జావలా తయారవుతుంది. నెలల తరబడి మంచు కింద నలిగిన గడ్డికి బూజు తెగులు పట్టి గుండ్రటి మచ్చలు పడతాయి. వాటిని దువ్వాలి, గాలి తగలనివ్వాలి. నేల గట్టిపడ్డాక తేలిక రోలరు తిప్పాలి, సన్నటి బెజ్జాలు పొడవాలి, ఇసుక చల్లాలి. మొదటి కోత ఎత్తుగా కొయ్యాలి. ఇదంతా అయ్యాకే ఆటగాడు తెల్ల బూట్లేసుకుని కాలు పెట్టేది. పేపర్లో ఫొటో మాత్రం ఆటగాడిదే పడుతుంది లెండి.

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మంచెక్కడిది, గోల్ఫెక్కడిది అంటారా? మాకు మంచు లేదు, తుపాను ఉంది. గోల్ఫు లేదు, ఎడ్ల పందెం ఉంది. తొక్కొద్దని చేతులు అడ్డం పెట్టే మనిషి మాత్రం అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు.

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పత్తి చెట్టు మీద తడిసింది. మిరప చేలో నీళ్లు నిలిచాయి. పొగాకు తోటలు పడుకున్నాయి. రెండు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, చిలకలూరిపేటలో బస్సు దిగి పర్చూరు రోడ్డు పట్టుకున్నాను. (పర్చూరు మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు బాపట్లలోకి వచ్చింది. ఊళ్లో ముసలాళ్లు అంతకు ముందు ముచ్చటే చెబుతారు. 1970లో ఒంగోలు జిల్లా పుట్టకముందు మేమంతా గుంటూరోళ్లమేనయ్యా అంటారు!) రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. దాని మీద అక్కడక్కడా ఎర్రటి తివాచీలు పరిచినట్టు మిరప కళ్లాలు. కారం ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయంటే మీరు సరైన లొకేషన్‌కు చేరినట్టే.

నేను వెళ్లిన ఊళ్లో నాలుగు రోజుల్లో తిరునాళ్ల. తిరునాళ్లంటే ఒంగోలు జాతి గిత్తల బండలాగుడు పోటీ. పళ్లను బట్టి వర్గాలు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్ద జతలు. వర్గాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. పెద్ద జతలకు టన్ను పైమాటే. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత. టేపు పెట్టి అంగుళాలతో సహా కొలుస్తారు. ఒక్కో గిత్తకున్న పేరు, ఫాలోయింగ్ చూస్తే మన హీరోల పబ్లిసిటీ మేనేజర్లు సిగ్గుపడాలి. మొత్తం యూట్యూబ్‌లో లైవ్ పోతుంది. అమెరికాలో ఉన్న ఊరి కుర్రాళ్లు రాత్రి నిద్ర మానుకుని చూస్తారు.

ఈ గిత్తల కథ కూడా సినిమాకేం తీసిపోదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ నెల్లూరు పేరు మీద 'నెలోర్' అయ్యాయి. ఇవాళ ఆ దేశపు పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. ఇక్కడ మాత్రం ట్రాక్టరొచ్చాక కాడి ఖాళీ అయింది. గుంటూరు పక్కన లాం ఫారంలో, ప్రకాశంలో చదలవాడ ఫారంలో జాతిని కాపాడుతున్నారు. పల్లెల్లో కాపాడుతున్నది పందెమే. రామ్ హీరోగా 'ఒంగోలు గిత్త' (2013) అని సినిమా వచ్చింది గదా... అందులో గిత్త హీరోనే. నేను చెప్పేది నాలుగు కాళ్ల గిత్తల సంగతి. అంతకంటే ముఖ్యంగా ఆ కాళ్ల కింద నేల సంగతి.

చెరువు కట్ట కింద, పత్తి తీసేసిన చేలో బరి గీశారు. సున్నం గీతలు తళతళలాడుతున్నాయి. నేను కెమెరా సర్దుకుంటూ అడుగు వేయబోయాను.

"అబ్బాయ్, అటు తొక్కబాకయ్యా! నేలింకా ఆరలేదు."

తిరిగి చూస్తే డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లదాకా పంచె, తలకు తువ్వాలు, చేతిలో గునపం. ఊరంతా పెదనాన్న అంటారు. నేనూ అలాగే పిలిచాను. కుర్రతనంలో జతలు తోలినవాడు. తోలడం మానేశాక బరి చూడటం ఆయన పని అయింది. జీతం లేదు, పదవి లేదు. కమిటీ బ్యానరు మీద పాతిక ఫొటోలున్నాయి. ఆయనది లేదు.

"పైన చూస్తే బీటలు పడి ఉంది గదా పెదనాన్నా, ఆరనిదెక్కడ?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. గునపం దించాడు. నాలుగంగుళాలు కరకరలాడుతూ దిగింది. ఆ తర్వాత చప్పుడు లేదు, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. అడుగున మట్టి పిడికెడు తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కాడు. ముద్ద విరగలేదు, చదునైంది. "విరిగితే నేల సిద్ధం. ఇట్టా సాగిందంటే ఇంకా పచ్చిగుంది" అన్నాడు.

రేగడి గుణమే అంత. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. చలిదేశాల్లో నేలలో నీళ్లు గడ్డకట్టి పైకి తన్నితే మైదానం ఎగుడుదిగుడవుతుంది. ఇక్కడ ఆ పని మంచు లేకుండా మట్టే చేసుకుంటుంది. క్రికెట్ అభిమానులకు తెలుసుగా, ఎర్రమట్టి పిచ్చి వేరు, నల్లమట్టి పిచ్చి వేరు! అక్కడ బంతి తిరగడం తేడా. ఇక్కడ తేడా వస్తే కాలు విరుగుతుంది. నెర్రెలో గిట్ట దిగి జత ముందుకు గుంజిందంటే ఇక ఆ గిత్త కథ ముగిసినట్టే. నేల మరీ గట్టిగా ఉంటే గిట్ట పట్టు దొరక్క జారుతుంది. మరీ మెత్తగా ఉంటే బండ ముక్కు నేలను దున్నుకుంటూ పోతుంది, మూపుల మీద కుదుపు పడుతుంది. తడిగా ఉంటే బండకు కింద జిగురు. టన్ను బండ టన్నున్నర బండలా లాగుతుంది.

"పైన రెండేళ్ల మందం మెత్తన, కింద గట్టిదనం. అట్టా ఉంటే గిత్త తనంతట తనే లాగుద్ది. చెర్నాకోల ఎత్తే పని ఉండదు. బరి బాగాలేని చోటే దెబ్బలు పడతయ్యి" అన్నాడు పెదనాన్న.

ఈ ముక్క నాకు గట్టిగా తగిలింది. పందేలు హింస అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 1960 నుంచీ జంతు హింస నిరోధక చట్టం ఉంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపేసింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టం సవరించుకుంటే ఆ సవరణలు చెల్లుతాయని 2023 మే 18న చెప్పింది. కోర్టులో మాటలు పెద్దవాళ్లు చూసుకుంటారు. గిత్త ఒంటిమీద దెబ్బ పడుతుందా లేదా అన్నది చాలావరకు నాలుగు రోజుల ముందే, గునపం దిగిన చోట తేలిపోతుందని మాత్రం ఆ పూట నాకు అర్థమైంది.

సరే, కథలో విలన్ లేడే అనుకుంటున్నారా? విలన్ కాదు గానీ, కమిటీ వచ్చింది. కుర్రాళ్లు. బ్యానర్లు వేసేశారు. కృష్ణా వైపు నుంచి, నల్గొండ నుంచి జతలు బయల్దేరుతున్నాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. రెండు టిప్పర్ల గ్రావెల్ తోలించి తడి మీద పోసేస్తే సరి అన్నారు.

"చలిజొరం వచ్చినోడికి దుప్పటి కప్పితే జొరం పోద్దా?" అన్నాడు పెదనాన్న. "గులకరాయి గిట్ట చీలికలో ఇరుక్కుంటే ఎవుడు తీస్తాడు? కట్ట ఊట ఈ ముక్కలోకి దిగతా ఉంది. పది రోజులకు గానీ ఆరదు. బరి ఉత్తరానికి జరపండి."

ఉత్తరానికి ముప్ఫై గజాలు జరిపితే నేల గట్టిదే. కానీ అటు ఆనుకుని మిరప కళ్లం ఉంది. ఒక కౌలు రైతు అక్కది. ఎకరాలకు ఎకరాలు తుపానుకు పోగా మిగిలిన కాయ. తేజ రకం. పొద్దున్నే తిరగేస్తూ, తాలుకాయ ఏరేస్తూ నాలుగు రోజులుగా ఎండబెడుతోంది. విషయం వినగానే నడుముకు కొంగు బిగించి వచ్చింది.

"మీకు పందెం ఒక రోజు మావయ్యా! నాకిది యాడాది. గిత్తలు లేపిన దుమ్మంతా నా కాయ మీద పడితే గుంటూరు యార్డులో ఎవుడు కొంటాడు? కాయ చేతిలోకి తీసుకుని ఊది చూస్తాడు. నల్లటి దుమ్ము లేచిందంటే రేటు కోసేస్తాడు."

నిజమే గదా! గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప మొదలయ్యేది ఇలాంటి కళ్లంలోనే. దుమ్ము లేవకూడదంటే బరి తడపాలి. తడిపితే రేగడి జిగురు కడుతుంది. ఎండనిస్తే దుమ్ము. ఇటు గిత్త కాలు, అటు అక్క కాయ. స్క్రీన్‌ప్లే రచయితకు ఇంతకంటే చిక్కుముడి ఎవరిస్తారండీ?

కమిటీ కుర్రాడొకడు గొంతు పెంచాడు. పెదనాన్న వాణ్ణి కూర్చోమని సైగ చేసి, కళ్లం గట్టున తనూ చతికిలబడ్డాడు. బేరం మొదలైంది. గంటసేపు సాగిన ఆ సీనులో ఒక్క పంచ్ డైలాగూ లేదు. మధ్యాహ్నం పైన సముద్రపు గాలి తూర్పు నుంచి కొడుతుంది. ఆ వేళకు దుమ్ము కళ్లం మీదికే పోతుంది. అంచేత తెల్లారుజామున మొదలుపెట్టి గాలి తిరక్కముందే పెద్ద జతల పందెం ముగించాలి. మిగిలినవి సాయంత్రం గాలి తగ్గాక. బరికీ కళ్లానికీ మధ్య పత్తికట్టెతో దడి కట్టి, దానికి పచ్చ వల తగిలించాలి. పందెం రోజు కాయ మీద పట్టాలు కప్పాలి. పట్టాలు కమిటీవి.

"ఒక రోజు ఎండ పోతే కాయ తిరగేసే ఆడోళ్ల కూలి నా నెత్తిన పడుద్ది. అదెవరిస్తారు?" అంది అక్క.

కమిటీ మొహాలు చూసుకుంది. ఆఖరి బహుమతిలోంచి తీసిస్తామంది. అక్క ఒప్పుకుంది. ఒప్పుకుని, "ముందు డబ్బు చేతిలో పెట్టండి" అంది. పెట్టారు. నాకైతే ఆ సీనుకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇక పని. మూడు రోజుల పని చూసిన తర్వాత, పందెం నాకు కొంచెం చప్పగానే అనిపించింది సుమండీ!

మొదట పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా నిలబడి బరి పొడుగునా నడిచారు. పత్తి మోళ్లు పీకేశారు. పత్తి మోడు ఎండితే మేకే. గిట్ట మధ్య మెత్తటి చోట గుచ్చుకుంటే ఇక గిత్త నడవదు. గాజుపెంకులు, తీగ ముక్కలు, సీసా మూతలు గంపల్లోకి ఎత్తారు. ఒకసారి అయ్యాక అడ్డంగా మరోసారి నడిచారు. షూటింగులో ఫైటు సీనుకు ముందు సెట్ బాయ్స్ మేకులు ఏరుతారు చూడండి, అదే పని. మైకులో వీళ్ల పేర్లు ఎవరూ చదవరు. నేను అడిగితే, "మా పేర్లెందుకయ్యా, మజ్జిగ పంపిచ్చమను" అన్నారు!

ఆ తర్వాత గొర్రు, ఆపైన గుంటక. నెర్రెల్లో పొడిమట్టి పోసి పూడ్చకూడదట. తడి తగిలితే అది ఉబ్బి బొడిపె కడుతుంది. గుంటక తోలి పైమట్టి పొడి చేస్తే నెర్రె దానంతటదే మూసుకుంటుంది. లోపలి చెమ్మ పైకి పోకుండా ఆ పొడే మూత అవుతుంది. వానాధారం రైతు తరతరాలుగా చేసే పనే ఇది. గుంటకకు ట్రాక్టరు కడదామన్నారు కుర్రాళ్లు. పెదనాన్న వద్దన్నాడు. టైరు నడిచిన మేర గట్టిబడి, పక్కన మెత్తగా ఉండి, బరిలో చారలు పడతాయట. ఊళ్లో మిగిలిన రెండు అరకల్లో ఒకటి తెప్పించాడు. గిత్తల కోసం గిత్తలే నేల దువ్వాయి. 'రోజులు మారాయి' (1955)లో వహీదా రెహమాన్ చిందేసిన ఏరువాక పాట జ్ఞాపకమొచ్చింది. రాసిన కొసరాజు గారిది ఇక్కడికి దగ్గరే, బాపట్ల వైపు పల్లె. అరక వెనక నడిచినవాళ్లను చూసిన కవి కాబట్టే ఆ పాటకు ఇన్నేళ్లైనా మట్టి వాసన పోలేదు.

రాత్రి ట్యాంకరుతో నీళ్లు. కుమ్మరించడం కాదు, చిలకరించడం. బరి ఈ చివర నుంచి ఆ చివరకు పెదనాన్న చెప్పులు లేకుండా ముందు నడుస్తుంటే ట్యాంకరు పక్కగట్టు మీద నడిచింది. పాదానికి మట్టి అంటుకుంటే చెయ్యెత్తుతాడు, నీళ్లు ఆగుతాయి. అంటకుండా చల్లగా తగిలితే కానిమ్మంటాడు. రాత్రంతా ఆ చెమ్మ లోపలికి దిగింది. నాలుగింటికి తేలిక రోలరు ఒకసారి, దాని మీద మళ్లీ గుంటక పైపైన. తెల్లారేసరికి బరి కాటుక పరిచినట్టుంది. మడమతో తొక్కి చూశాను. రెండు వేళ్ల మందం దిగి ఆగింది.

పందెం గురించి ఎక్కువ రాయను, యూట్యూబ్‌లో మీరే చూడొచ్చు. మొదటి పెద్ద జత కాడి కింద మెడలు వంచింది. గొలుసు బిగిసింది. బండ కదిలిన చప్పుడు... గరగరా కాదు, మెత్తగా, తిరగలి తిరిగినట్టు వచ్చింది. పెదనాన్న జతను చూడటం లేదు. బండ వెనక పడుతున్న జాడను చూస్తున్నాడు. జాడ నున్నగా, ఒకే లోతున పోతోంది. తోలేవాళ్లు నోటితోనే అదిలిస్తున్నారు. మైకులో కొట్టొద్దు, పొడవొద్దు అని చెబుతూనే ఉన్నారు. ఆ జతకు ఆ అవసరం రాలేదు. తర్వాతి జతల్లో ఒకటి మొండికేసింది, కోల లేచింది. జనం అరిచారు, దించారు. ప్రతి జతకూ మధ్య గుంటక ఒకసారి తిరిగింది. గిట్టల గుంటలు పిల్లలు గంపలతో పూడ్చారు.

తొమ్మిదింటికి ఓ పెద్దమనిషి కారు వచ్చింది. ఎంత చెప్పినా వినకుండా డ్రైవరు పాత బరి మీదుగా, ఆ సున్నం గీతల మీదుగా పోనిచ్చాడు. పైన బీటలు పడి గట్టిగా కనబడింది గదా! ఇరవై గజాలు పోయింది. తర్వాత ముందు చక్రాలు సగం కనబడలేదు. ట్రాక్టరు తెచ్చి గొలుసు వేసి లాగితే గానీ రాలేదు. జనానికి అదొక ఎక్స్‌ట్రా ఐటెం! ఏ గ్రావెల్ పోద్దామన్నాడో ఆ కమిటీ కుర్రాడు పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న తల తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. అంతే.

పదకొండున్నరకు గాలి తిరిగింది. అప్పటికి పెద్ద జతలు అయిపోయాయి. బరి ఖాళీ చేసి పైన కాస్త తడి చల్లారు. చిన్న జతలు సాయంత్రం లాగాయి. ఒక్క గిత్తా కుంటలేదు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరేసరికి చేను యజమాని బరి మీద లోతు దుక్కి దున్నిస్తున్నాడు. తొక్కుడుకు బిగిసిన నేల ఇప్పుడు విప్పకపోతే వచ్చే పత్తికి వేరు దిగదట. కళ్లంలో అక్క పట్టాలు ఒక్కొక్కటే లాగుతోంది. ఒక కాయ తీసి తెల్ల తువ్వాలుతో తుడిచి, తువ్వాలు ఎండకెత్తి చూసింది. మరో మూల నుంచి ఇంకోటి తీసి చూసింది. పిలిచి నాకూ చూపించింది. తెల్లగానే ఉంది.

"సరే, కాయ తిరగెయ్యండమ్మా" అని ఆడవాళ్లను కేకేసింది.